పాత మియాటాతో ఆటోక్రాస్: తొలి డాలర్లు ఎక్కడ ఖర్చు పెట్టాలి

అమెరికాలో ఆటోక్రాస్ అంటే, ఖాళీ చేసిన పెద్ద పార్కింగ్ స్థలంలోనో, వాడకంలో లేని రన్‌వే మీదనో నారింజ రంగు కోన్లు పేర్చి ఏర్పరచిన వంకర దారిలో ఒక్కొక్క కారూ విడివిడిగా గడియారంతో పోటీపడటం. ఒక పరుగు సుమారు నిమిషంలో ముగుస్తుంది. రోజంతా ఎండలో నిలబడినా దక్కేవి నాలుగు నుంచి ఆరు పరుగులే. యూరప్‌లో ఇదే పేరుతో మట్టి నేల మీద జరిగే పందేలు వేరు, వాటికి కావలసిన కార్లు వేరు. ఈ మార్గదర్శి 1990 నుంచి 1997 వరకు వచ్చిన మొదటి తరం మాజ్డా మియాటా కొనుక్కుని, చేతిలో పరిమితమైన డబ్బుతో మొదటి సీజను మొదలుపెట్టబోయే వారి కోసం రాసినది. డాలస్, హ్యూస్టన్ పరిసరాల్లో ఉంటున్న మన తెలుగు ఇంజనీర్లు కొందరు ఈ మధ్య తొలి డబ్బు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నతో నన్ను సంప్రదిస్తున్నారు. అందరికీ విడివిడిగా చెబుతున్న విషయాన్ని ఒకచోట, చేయవలసిన వరుసలో, పెట్టడం మేలనిపించింది.

ఈ కారునే ఎంచుకోవడానికి గట్టి కారణాలున్నాయి. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో తొలిసారి కనిపించిన ఈ రెండు సీట్ల కారు బరువు సుమారు వెయ్యి కిలోలు. ఇంజను ముందు, నడిపే చక్రాలు వెనక, నాలుగు మూలలా డబుల్ విష్‌బోన్ (ఒక్కో చక్రాన్ని పైనా కిందా ఒక్కో ఆర్మ్ పట్టి ఉంచే) సస్పెన్షన్. తొలి కార్లలో 1.6 లీటర్ల ఇంజను 116 హార్స్‌పవర్ ఇచ్చేది, 1994లో వచ్చిన 1.8 లీటర్ల ఇంజను 128 ఇచ్చింది. ఈ అంకెలు చూసి తొలి డబ్బును ఇంజను మీద పెట్టాలని చాలామందికి తోస్తుంది. కానీ ఆటోక్రాస్‌లో పరుగు దాదాపు అంతా రెండో గేరులోనే సాగుతుంది, సమయం పోయేది మలుపుల్లోనే. ముప్పై ఏళ్లు దాటిన కారు మలుపులో తడబడుతున్నదంటే, అది పుట్టినప్పుడు ఉన్న పట్టును కూడా ఇప్పుడు కోల్పోయి ఉంటుంది. అందుకే నేను చెప్పే వరుసలో బాగుచేయడం ముందు, టైర్లు తరవాత, అలైన్‌మెంట్ (చక్రాల కోణాల సర్దుబాటు) ఆ వెంటనే. షాక్ అబ్జార్బర్ల వంతు చాలా ఆలస్యంగా వస్తుంది. ఇంజను వంతు మొదటి సీజనులో రానే రాదు.

ఏదైనా కొనే ముందు నియమావళి చదవండి

ఎక్కువ పోటీలు 1944లో ఏర్పడిన స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా ప్రాంతీయ శాఖల ఆధ్వర్యంలో, సోలో అనే పేరుతో జరుగుతాయి. ఆ సంస్థ ఏటా నియమావళిని సవరించి ఉచితంగా అందుబాటులో ఉంచుతుంది. కారుకు మీరు చేసే ప్రతి మార్పూ మిమ్మల్ని ఒక విభాగంలో ఉంచుతుంది, లేదా అందులోంచి బయటికి నెడుతుంది. అతి తక్కువ మార్పులను అనుమతించే స్ట్రీట్ విభాగంలో టైరు ట్రెడ్‌వేర్ అంకె (టైరు ఎంత నెమ్మదిగా అరుగుతుందో సూచించేది) 200 లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. రిమ్ము వ్యాసాన్ని ఒక అంగుళం పెంచుకోవచ్చు లేదా తగ్గించుకోవచ్చు గాని, వెడల్పు కంపెనీ ఇచ్చినంతే ఉండాలి. షాక్ అబ్జార్బర్లు, బ్రేక్ ప్యాడ్లు మార్చుకోవచ్చు. స్ప్రింగులను ముట్టుకోకూడదు. దానికి పై మెట్టయిన స్ట్రీట్ టూరింగ్‌లో స్ప్రింగులకూ వెడల్పు రిమ్ములకూ అనుమతి ఉంటుంది, కానీ అక్కడ మీకు ఎదురయ్యేది ఆ మార్పులన్నీ పూర్తిచేసుకున్న కార్లు.

అందువల్ల తక్కువ ధరకు దొరికాయని కిందికి దించే స్ప్రింగులు కొని వేసుకున్నవాడు, తనకు తెలియకుండానే బాగా తయారైన కార్ల మధ్యకు వెళ్లిపోతాడు. నా మొదటి సీజనులో నేను సరిగ్గా ఈ పొరపాటే చేశాను. రెండు పోటీల తరవాత పాత స్ప్రింగులను వెతికి మళ్లీ బిగించుకోవలసి వచ్చింది. మీ కారు ఏ సంవత్సరానిదో, ఏ ప్యాకేజీతో వచ్చిందో తెలుసుకుని, ఆ ఏటి నియమావళిలో దాని పేరు ఏ విభాగం కింద ఉందో చూసి, అనుమతించిన మార్పుల పేజీలను అచ్చు తీసి గ్యారేజీ గోడకు అంటించుకోండి. పెద్ద ఖర్చు ఒక్కటి తప్పినా ఆ కాగితం విలువ తీరిపోతుంది.

ఉన్నదాన్ని బాగుచేయడం

ఈ మెట్టు మీద నేను ఎక్కువ సేపు ఆగుతాను, ఎందుకంటే పాత కారులో అతి చవకైన మెరుగుదల ఇక్కడే ఉంది. సమతలంగా ఉన్న కాంక్రీటు నేల మీద కారును జాకీతో ఎత్తి, తప్పనిసరిగా స్టాండ్ల మీద నిలబెట్టండి. కేవలం జాకీ ఆధారంగా నిలిచిన కారు కిందికి చేయి కూడా పెట్టకండి. ముందు చక్రాన్ని పైనా కిందా, అంటే గడియారంలో పన్నెండూ ఆరూ ఉండే చోట్ల, పట్టుకుని ఊపండి. అక్కడ వదులు కదలిక తెలిస్తే బేరింగో బాల్ జాయింటో అరిగినట్టు. మూడూ తొమ్మిదీ ఉండే చోట్ల పట్టుకుని ఊపినప్పుడు వదులు తెలిస్తే అనుమానించవలసింది టై రాడ్ (స్టీరింగును చక్రానికి కలిపే కడ్డీ) చివరలను. పోటీ రోజు ఉదయం తనిఖీ చేసేవారు కూడా ఇదే పరీక్ష చేస్తారు. లోపం అక్కడ బయటపడితే ఆ రోజంతా ప్రేక్షకుడిగా నిలబడవలసి వస్తుంది.

తరవాత బానెట్ ఎత్తి రేడియేటర్ పై ట్యాంకును చూడండి. అది నల్లటి ప్లాస్టిక్కుతో చేసినది. వేడికి ఏళ్లతరబడి మాగి గోధుమ రంగుకు తిరిగితే, పగలడానికి సిద్ధంగా ఉందని అర్థం. కొత్త రేడియేటరు వంద, నూట యాభై డాలర్ల ప్రాంతంలో దొరుకుతుంది, ఇంట్లోనే ఒక పూటలో మార్చుకోవచ్చు. టెక్సస్ ఆగస్టు ఎండలో, వరుసలో నిలబడిన కారులో ఇంజను తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఈ ఒక్క భాగాన్ని మాత్రం వచ్చే నెలకు వాయిదా వేయకండి. ఇంజను వెనక చివర, క్యామ్ యాంగిల్ సెన్సార్ దగ్గర ఆయిల్ కారుతుంటే అది చాలావరకు గట్టిపడిన ఓ-రింగు (రబ్బరు వలయం) వల్ల జరిగేదే. ఆ రింగు ఖరీదు ఒకటి రెండు డాలర్లు.

టైమింగ్ బెల్టును 60,000 మైళ్లకు ఒకసారి మార్చాలి. ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే మార్చలేదనే లెక్కవేసుకుని, వాటర్ పంపుతో సహా మార్చండి. ఈ తరం ఇంజన్లలో బెల్టు తెగినా పిస్టన్లు వాల్వులను తాకవు కాబట్టి ఇంజను పాడవదు, కానీ కారు ఉన్నచోటే ఆగిపోతుంది. 1990, 1991 తొలి భాగం నాటి 1.6 లీటర్ల కారు అయితే క్రాంక్ షాఫ్ట్ ముందు కొన పొట్టిగా ఉండే రకమా అన్నది చూసుకోవాలి. ఆ రకంలో క్రాంక్ పుల్లీ పట్టుతప్పి, కీ కూర్చునే గాడి అరిగిపోవడం బాగా తెలిసిన లోపం. పుల్లీ బోల్టు చుట్టూ నాలుగు గాళ్లు కనిపిస్తే పొట్టి కొన, ఎనిమిది కనిపిస్తే పొడవు కొన. పొట్టి కొన ఉన్నంత మాత్రాన కారును వదులుకోనక్కరలేదు. పుల్లీ వణకకుండా తిరుగుతున్నదా అని గమనించి, బెల్టు పని చేసినప్పుడు బోల్టును సరైన బిగువుకు బిగించే మనిషికి అప్పగిస్తే చాలు.

డిక్కీలో కుడి మూలన ఉండే బ్యాటరీ కదలకుండా దాని బిగింపు పట్టీ గట్టిగా ఉండాలి. తనిఖీలో కారు తిరస్కరణకు గురికావడానికి ఇదొక మామూలు కారణం. క్లచ్ స్లేవ్ సిలిండరు కారుతుంటే క్లచ్ పెడల్ నేలకు దిగిపోతుంది, ఆ భాగం చవక. సస్పెన్షన్ రబ్బరు బుష్‌లు పగిలి ఉండటం ఈ వయసుకు సహజమే. అవన్నీ మార్చాలంటే చక్రాలను పట్టి ఉంచే కంట్రోల్ ఆర్మ్‌లను విప్పి ప్రెస్ మీద పెట్టి నొక్కవలసిన పెద్ద పని, కనుక లోహం లోహాన్ని తాకేంతగా చెడిపోతే తప్ప మొదటి సీజనుకు వాటిని అలాగే ఉంచండి. చివరగా తలుపుల కింద, వెనక చక్రం ముందుండే సిల్ భాగాన్ని వేలితో గట్టిగా నొక్కి చూడండి. మడత టాపు నీరు దిగే రంధ్రాలు చెత్తతో మూసుకుపోతే నీళ్లు అక్కడే నిలిచి లోపలి నుంచి తుప్పు పడుతుంది. వేలు లోపలికి పోయేలా ఉంటే టైర్ల డబ్బును వెల్డింగుకు మళ్లించక తప్పదు.

బ్రేకులు

ఒక నిమిషం పరుగులో బ్రేకులు అంతగా వేడెక్కవు. అందుకని పెద్ద డిస్కులు, ఖరీదైన కాలిపర్లు (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగాలు) ఈ ఆటలో వృథా. కావలసిందల్లా నాలుగు చక్రాలూ సమానంగా పట్టడం, పెడల్ గట్టిగా ఉండటం. చల్లగా ఉన్నప్పుడే బాగా పట్టే, వీధి వాడకానికి ఉద్దేశించిన మంచి రకం ప్యాడ్లు కొనండి. రేస్ ట్రాకు కోసం చేసిన ప్యాడ్లకు వేడి చేరేలోపే మీ పరుగు అయిపోతుంది.

ఈ కారులో వెనక కాలిపర్ పిస్టను హ్యాండ్ బ్రేకు మరతో కలిసి ఉంటుంది కాబట్టి దాన్ని క్లాంపుతో వెనక్కి నొక్కకూడదు. కాలిపర్ వెనక ఉన్న 14 మిల్లీమీటర్ల బోల్టును తీస్తే లోపల 4 మిల్లీమీటర్ల ఆలెన్ మర కనిపిస్తుంది. దాన్ని ఎడమవైపు తిప్పితే పిస్టను లోపలికి పోతుంది. కొత్త ప్యాడ్లు పెట్టాక చక్రం బిగుసుకునే దాకా కుడివైపు తిప్పి, మూడో వంతు చుట్టు వెనక్కి వదలాలి. ఈ చిన్న సర్దుబాటు చేయకపోవడం వల్లే చాలా మియాటాల్లో హ్యాండ్ బ్రేకు సరిగా పట్టదు. జారుడు పిన్నులను బయటికి తీసి, శుభ్రం చేసి, సిలికాన్ గ్రీజు రాసి బిగించండి. బిగుసుకున్న పిన్ను వల్ల ఒక చక్రం మాత్రమే పట్టి, కారు బ్రేకు వేసినప్పుడల్లా పక్కకు లాగుతుంది. ఆఖరున బ్రేక్ ఆయిల్‌ను డాట్ 4 రకంతో పూర్తిగా మార్చండి. మాస్టర్ సిలిండరుకు దూరంగా ఉన్న కుడి వెనక చక్రంతో మొదలుపెట్టి, ఎడమ వెనక, కుడి ముందు, ఎడమ ముందు వరుసలో గాలి తీయాలి. సిలికాన్‌తో తయారయ్యే డాట్ 5 ఇందులో పోయకూడదు.

పాత టైర్ల మీదే రెండు మూడు పోటీలు

ఇక్కడ కొందరు నాతో ఏకీభవించరు, అయినా నా అభిప్రాయం మారలేదు. కారు క్షేమంగా ఉన్నదని తేలాక, టైర్లకు పగుళ్లు లేకుండా, గీతలు సరిపడా లోతుగా ఉంటే, కొత్తవి కొనకుండానే రెండు మూడు పోటీలకు వెళ్లండి. మామూలు టైరు తన హద్దు దగ్గరపడుతున్నప్పుడు గట్టిగా కీచుమంటుంది, నెమ్మదిగా జారుతుంది. ఎక్కడ తొందరపడ్డారో, ఎక్కడ స్టీరింగు అతిగా తిప్పారో మీకు తెలుస్తుంది. అంటుకుపోయే టైరు ఆ తప్పులను కప్పిపుచ్చి, ఒక్కసారిగా వదిలేస్తుంది. నమోదు రుసుము సాధారణంగా నలభై నుంచి డెబ్బై డాలర్ల మధ్య ఉంటుంది. అనుభవజ్ఞుడెవరినైనా పక్క సీట్లో కూర్చోబెట్టుకుని పరుగు తీయండి, వీలైతే మీ కారును ఆయన చేతికిచ్చి మీరు పక్కన కూర్చోండి. కారులో ఇంకా ఎంత వేగం మిగిలి ఉన్నదో ఆ ఒక్క పరుగులో తెలిసిపోతుంది. హెల్మెట్ విషయంలోనూ తొందర అక్కరలేదు. చాలా శాఖలు స్నెల్ (హెల్మెట్ల భద్రతా ప్రమాణం) గుర్తింపు ఉన్న హెల్మెట్లను ఆ రోజుకు అరువిస్తాయి.

ఖర్చు లేని రెండు పనులు ఈ దశలోనే చేయండి. మొదటిది, కారులో కదిలే ప్రతి వస్తువునూ, నేల మీది చాపలతో సహా, బయటపెట్టి, నియమావళి అనుమతిస్తే అదనపు చక్రాన్నీ జాకీనీ కూడా దించేయండి. రెండోది సీటు బెల్టుకు సంబంధించినది. సీటును రెండు మూడు గాళ్లు వెనక్కి జరిపి, బెల్టు పెట్టుకుని, దాన్ని విసురుగా లాగి లాక్ పడేలా చేసి, అలాగే పట్టుకుని సీటును మళ్లీ ముందుకు జరపండి. శరీరం సీటుకు అతుక్కున్నట్టుగా ఉంటుంది. స్టీరింగును ఆధారంగా పట్టుకుని వేలాడే అలవాటు దీనితో పోతుంది, చేతులు తేలికపడతాయి.

టైర్లు

ఇప్పుడు అసలు ఖర్చు. డబ్బు పెట్టి కొనగల మార్పుల్లో టైర్లు ఇచ్చినంత సమయం మరేదీ ఇవ్వదు. 200 ట్రెడ్‌వేర్ తరగతిలో బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా ఆర్‌ఈ-71ఆర్‌ఎస్, యొకొహామా అడ్వాన్ ఏ052, ఫాల్కెన్ అజెనిస్ ఆర్‌టీ660, కుమ్హో ఎక్స్టా వీ730, హంకూక్ వెంటస్ ఆర్‌ఎస్4 అనే పేర్లు మీకు ప్రతి పోటీలోనూ కనిపిస్తాయి. వీటన్నింటి మీదా ముద్రించిన అంకె 200 అయినా స్వభావాలు వేరు. ఏ052 చల్లటి ఉదయాన, మొదటి పరుగులోనే పట్టేస్తుంది, కానీ త్వరగా అరుగుతుంది, వేడికి మెత్తబడుతుంది. ఆర్‌ఎస్4 ఆ స్థాయి పట్టు ఇవ్వకపోయినా చాలా కాలం నిలుస్తుంది, ఆఫీసుకు కూడా అదే కారులో వెళ్లేవారికి నప్పుతుంది. మొదటి సెట్టుగా నేను మన్నికైన టైరునే సిఫారసు చేస్తాను. పతకం కోసం పోటీపడే రోజు వచ్చాక మెత్తటి టైరు కొనుక్కోవచ్చు.

సైజు విషయంలో ఒక చిక్కు ఉంది. 1990 నాటి కారుకు 14 అంగుళాల వ్యాసం, ఐదున్నర అంగుళాల వెడల్పు ఉన్న రిమ్ములు, 185/60 టైర్లు వచ్చాయి. 14 అంగుళాల్లో ఈ తరగతి టైర్ల ఎంపిక ఇప్పుడు బాగా తగ్గిపోయింది. 15 అంగుళాలకు వెళితే 195/50, 205/50 సైజుల్లో కావలసినంత ఎంపిక ఉంది, నాలుగింటికీ కలిపి సుమారు ఆరు నుంచి ఎనిమిది వందల డాలర్లు అవుతుంది. స్థానిక పోటీల్లో సరదాగా నేర్చుకోవడమే ఉద్దేశమైతే 15 అంగుళాల వ్యాసం, 7 అంగుళాల వెడల్పు ఉన్న తేలికైన రిమ్ములు తీసుకుని, విభాగం మారుతుందన్న సంగతిని ముందే ఒప్పుకోండి. స్ట్రీట్ విభాగంలోనే ఉండాలనుకుంటే మీ కారు ఏ వెడల్పుతో వచ్చిందో ఖాయపరచుకున్నాకే రిమ్ములు వెతకండి. బోల్టుల అమరిక 4×100, హబ్ మధ్య రంధ్రం 54.1 మిల్లీమీటర్లు, నట్ల మర 12×1.5. వాడిన రిమ్ములు కొనేటప్పుడు ఈ మూడూ అడగండి, లోపలి అంచు వంగిందేమో తిప్పి చూడండి.

వాడిన టైర్లు చవకగా అమ్మేవారు ప్రతి పోటీలోనూ ఉంటారు, వారిలో నిజాయితీపరులే ఎక్కువ. అయినా టైరు పక్క గోడ మీద ఉండే చివరి నాలుగు అంకెలు చదవండి. 2319 అని ఉంటే అది 2019లో ఇరవై మూడో వారంలో తయారైనది. గీతలు లోతుగా ఉన్నా, ఏళ్లు గడిచిన రబ్బరు గట్టిపడి పట్టు వదిలేస్తుంది. ఉత్తరాది రాష్ట్రాల్లో ఉండేవారు ఈ మెత్తటి టైర్లను గడ్డకట్టే చలిలో షెడ్డులో వదలకుండా ఇంట్లోకి తెచ్చుకోవాలి. ఆ చలిలో వాటిని కదిపితే రబ్బరు పగలవచ్చు. తొలి తరం మియాటాల్లో ఏబీఎస్ లేనివే ఎక్కువ కాబట్టి, బ్రేకు బలంగా తొక్కి చక్రాన్ని లాక్ చేస్తే కొత్త టైరు మీద చదునైన మచ్చ పడుతుందనీ, ఒక్క పరుగులోనే రెండు వందల డాలర్లు పోవచ్చనీ గుర్తుంచుకోండి.

అలైన్‌మెంట్

ధరకు దక్కే ఫలితం లెక్క చూస్తే దీన్ని మించినది లేదు. మియాటా రూపకర్తలు మనకు ఇచ్చిన గొప్ప సౌకర్యం ఏమిటంటే, నాలుగు చక్రాల దగ్గరా కింది కంట్రోల్ ఆర్మ్‌లకు రెండేసి చొప్పున మొత్తం ఎనిమిది ఎక్సెంట్రిక్ బోల్టులు (తిప్పితే ఆర్మ్‌ను పక్కకు జరిపేవి) ఉన్నాయి. ముందువి క్యాంబర్‌నూ (చక్రం పక్కకు వాలే కోణం, పైభాగం లోపలికి వాలితే నెగటివ్) క్యాస్టర్‌నూ (స్టీరింగు ఇరుసు వెనక్కి వాలే కోణం), వెనకవి క్యాంబర్‌నూ టోనూ (పైనుంచి చూస్తే చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగి ఉండటం) మారుస్తాయి. కొత్త భాగమేదీ కొనకుండానే కారు నడకను మార్చవచ్చు.

కానీ ముప్పై ఏళ్లలో ఎవరూ ముట్టని ఈ బోల్టులు లోపలి గొట్టంతో కలిసి తుప్పు పట్టి బిగుసుకుని ఉంటాయి. అలైన్‌మెంట్‌కు వెళ్లే వారం ముందు నుంచీ రోజూ సాయంత్రం తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి, చివరి రోజున పొడవాటి పానాతో ప్రతి నట్టూ వదులవుతుందో లేదో చూసి మళ్లీ బిగించండి. ఈ పని చేయకుండా వెళితే దుకాణంవారు రెండు బోల్టులు ప్రయత్నించి, తక్కినవి కదలలేదని చెప్పి పూర్తి రుసుము తీసుకునే అవకాశం ఉంది. అన్నీ కంపెనీ హద్దుల్లోనే ఉన్నాయంటూ ఒకచోట నాకు పచ్చ రంగు అంకెలతో కాగితం ఇచ్చారు. వెనక ఎడమ చక్రం కొద్దిగా బయటికి తిరిగి ఉన్నదన్న విషయం ఆ పచ్చ రంగులోనే దాగి ఉంది. తరవాతి ఆదివారం కారు రెండుసార్లు గిర్రున తిరిగిపోయేదాకా నేను దాన్ని గమనించలేదు. కాబట్టి హద్దుల్లో ఉంటే చాలని సరిపెట్టుకోకుండా, మీకు కావలసిన అంకెలను కాగితం మీద రాసి ఇవ్వండి.

కంపెనీ ఎత్తులో ఉన్న కారుకు నేను రాసి ఇచ్చే అంకెలు ఇవి. ముందు క్యాంబర్ దొరికినంత నెగటివ్, రెండు వైపులా సమానంగా. చాలా కార్లలో ఇది ఒకటి, ఒకటిన్నర డిగ్రీల మధ్య ఆగుతుంది. క్యాస్టర్ నాలుగున్నర నుంచి ఐదు డిగ్రీలు. ముందు టో సున్నా. వెనక క్యాంబర్ ముందు కంటే కాస్త తక్కువ, వెనక టో రెండు చక్రాలకూ కలిపి సుమారు 2 మిల్లీమీటర్లు లోపలికి. వెనక చక్రాలు బయటికి తిరగడం ఏ పరిస్థితిలోనూ ఉండకూడదు. ముందు టోను కొద్దిగా బయటికి పెడితే కారు మలుపులోకి ఇంకా చురుకుగా దూకుతుంది గాని, హైవే మీద అటూ ఇటూ వెతుక్కుంటూ పోతుంది, లోపలి అంచులు త్వరగా అరుగుతాయి. పోటీకి ఇదే కారులో వెళ్లి ఇదే కారులో తిరిగి రావాలి కాబట్టి సున్నా దగ్గర ఆగడం మంచిది. కొలిచేటప్పుడు ట్యాంకు సగం నిండి ఉండాలి, డ్రైవరు సీట్లో మీరో మీ అంత బరువో ఉండాలి. ఇంత తేలికైన కారులో ఒక మనిషి బరువు అంకెలను మార్చేస్తుంది.

షాక్ అబ్జార్బర్లు, ముందు బార్

టైర్లు, అలైన్‌మెంట్ అయ్యాక ఒక సీజను గడవనివ్వండి. ఆ తరవాతా కారు గతుకుల మీద ఎగిరి పడుతుంటే, వరుస కోన్ల మధ్య ఒక వైపు ఊగి మళ్లీ కుదురుకోవడానికి సమయం తీసుకుంటుంటే, షాకులు అలసిపోయినట్టు. కడ్డీ మీద నూనె తడి కనిపిస్తే సందేహమే అక్కరలేదు. కోని వారి పసుపు రంగు సర్దుబాటు షాకులు, బిల్‌స్టీన్ షాకులు ఈ కారు మీద ఏళ్లతరబడి పరీక్షకు నిలిచినవి. కొత్త సెట్టు ఏడెనిమిది వందల డాలర్లు లేదా ఆపై అవుతుంది, వాడినవి అందులో సగానికి దొరకవచ్చు. బిగించేటప్పుడు పై మౌంటు రబ్బర్లు, బంప్ స్టాపులు (సస్పెన్షన్ కదలికను చివరన ఆపే మెత్తటి ముక్కలు) కూడా కొత్తవి వేయండి. ఈ కారులో సస్పెన్షన్ పైకి కదిలే దూరం తక్కువ కనుక మలుపులో అది బంప్ స్టాపు మీద వాలిపోతుంది, పొడిపొడిగా రాలిన పాత స్టాపు అక్కడ ఏ ఆసరా ఇవ్వదు. సర్దుబాటు మరను మొదట మధ్యస్థంగా ఉంచి, ఒక రోజులో ఒక్క చివరను మాత్రమే, ముందైనా వెనకైనా, మార్చి చూడండి.

ఈ ధరకే, కొన్నిసార్లు ఇంతకంటే తక్కువకే, స్ప్రింగులతో కలిపి వచ్చే కాయిలోవర్ సెట్లు దొరుకుతాయి. వాటిలో షాకు నాణ్యత నాసిరకంగా ఉండటం మామూలు, పైగా అవి మిమ్మల్ని స్ట్రీట్ విభాగం నుంచి బయటికి పంపుతాయి. ఆ డబ్బుతో పదికి పైగా పోటీలకు రుసుము కట్టవచ్చు.

ముందు యాంటీ రోల్ బార్ మాత్రం రెండు మూడు వందల డాలర్లలో అయ్యే మంచి మార్పు. కంపెనీ స్ప్రింగులతో ఈ కారు మలుపులో బాగా ఒరుగుతుంది, ఒరిగినప్పుడు బయటి ముందు టైరు తన క్యాంబర్‌ను కోల్పోయి అంచు మీద నడుస్తుంది. లావైన ముందు బార్ ఆ ఒరుగుడును తగ్గిస్తుంది, మలుపులోంచి బయటపడేటప్పుడు లోపలి వెనక చక్రం ఊరికే తిరగకుండా కాపాడుతుంది. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక చక్రం ఊరికే తిరిగినా రెండోదానికి శక్తి అందించే గేరు అమరిక) లేని కారులో ఈ రెండో లాభం మరీ స్పష్టంగా తెలుస్తుంది. లావు బార్ల తాకిడికి తొలి తరం కార్లలో బార్ పట్టే బ్రాకెట్లు చిరుగుతాయి కాబట్టి, బలపరచిన బ్రాకెట్లు కూడా అదే రోజు కొని బిగించండి.

గాలి పీల్చే గొట్టాలు, శబ్దం చేసే సైలెన్సర్లు మొదలైనవాటి గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. సెకనులో పదో వంతు కూడా ఇవ్వని వాటికి ఈ బడ్జెట్‌లో చోటు లేదు. రోల్ బార్ సంగతి వేరు. అది సమయం ఇవ్వదు, కానీ టాపు తీసి నడిపే కారులో నడిపేవారి తల కంటే ఎత్తుగా ఉన్న ఉక్కు కడ్డీ ఒకటి ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. షాకుల కంటే ముందు దానికే డబ్బు పోగుచేస్తానంటే మిమ్మల్ని ఆపను. వేస్తే మాత్రం, రోడ్డు మీద హెల్మెట్ లేకుండా తిరిగేటప్పుడు తల తగలకుండా దానికి గట్టి నురుగు తొడుగు చుట్టండి.

పోటీ రోజున

కారు తలుపు దగ్గరి చీటీ మీద టైరు గాలి 26 పీఎస్ఐ అని ఉంటుంది. అది ప్రయాణ సౌఖ్యం కోసం రాసినది. చల్లటి టైర్లలో ముందు 30, వెనక 28తో మొదలుపెట్టండి. ట్రెడ్డు, పక్క గోడ కలిసే అంచు దగ్గర చాలా టైర్లకు చిన్న త్రికోణపు గుర్తు ఉంటుంది. ప్రతి టైరుకూ మూడు చోట్ల ఆ గుర్తు మీదుగా సుద్దముక్కతో అడ్డగీత గీయండి. పరుగు అయ్యాక సుద్ద త్రికోణం దాటి చెరిగిపోతే గాలి తక్కువైనట్టు, త్రికోణం దాకా చేరకపోతే ఎక్కువైనట్టు. టైరు వేడెక్కుతున్నకొద్దీ గాలి మూడు నాలుగు పీఎస్ఐ పెరుగుతుంది కాబట్టి ప్రతి పరుగు తరవాతా కొలిచి, అనుకున్న అంకెకు దించండి. వేసవి మధ్యాహ్నం ఒకే కారును ఇద్దరు పంచుకుని నడిపితే టైర్లు మరీ వేడెక్కుతాయి. మొక్కలకు మందు కొట్టే చిన్న చేతి పంపుతో వాటి మీద నీళ్లు చిలకరించడం ఇక్కడ మామూలు దృశ్యం.

ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. తేదీ, వాతావరణం, నేల తారుదా కాంక్రీటుదా, మొదలుపెట్టిన గాలి, ముగించిన గాలి, సమయం, తగిలిన కోన్లు రాయండి. కోను ఒక్కటి పడితే రెండు సెకన్లు కలుపుతారు. కొత్త టైర్లు తెచ్చిపెట్టే లాభం కూడా దాదాపు అంతే కాబట్టి ఆ వరుసను ఖాళీగా వదలకండి. ఒక పోటీకీ మరో పోటీకీ మధ్య ఒకే మార్పు చేస్తే, ఆ మార్పు ఏం చేసిందో పుస్తకంలోనే కనిపిస్తుంది. రెండు కలిపి చేస్తే ఏది ఉపకరించిందో తేల్చుకోలేరు.

చక్రాల నట్లను మాత్రం ఉదయం తనిఖీకి ముందు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, ఇంటికి బయలుదేరే ముందు మరోసారి టార్క్ పానాతో పరీక్షించండి. ఈ కారుకు 88 నుంచి 118 న్యూటన్ మీటర్లు. కొత్త అల్లాయ్ రిమ్ములు బిగించిన మొదటి రోజున నట్లు కుదురుకునే క్రమంలో కొద్దిగా వదులవుతాయి కాబట్టి, మొదటి పరుగు తరవాత రిమ్ములు చల్లారాక, గాలి కొలిచే పరికరంతో పాటు ఆ పానాను కూడా చేతిలోకి తీసుకోండి.